తడి గోనె కింద గంప

మా టౌన్‌షిప్ తెలుగు సంఘం కుర్రాళ్లు ఇద్దరు మొన్న ఇంటికొచ్చారు. పత్రిక వేస్తున్నారట, రిటైరైనవాళ్లు తలో అనుభవం రాసివ్వాలట. "అంకుల్, మీరు ఫ్లవర్ షో కప్పుల గురించి రాయండి" అన్నారు. వాళ్లలో ఒకడికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. వాళ్లమ్మ చదివి వినిపిస్తుందట. కప్పులున్న మాట నిజమే. టీవీ పై అరలో తొమ్మిది, నల్లబడిపోయి. వాటి గురించి రాయడానికేమీ లేదు. పూలు పూయించినవాళ్లు వేరు, స్టేజీ ఎక్కి కప్పు పుచ్చుకున్నవాణ్ణి నేను.

అందుకని వాళ్లడగనిది రాస్తున్నాను. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే చెత్తబుట్టలో పడేస్తారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలెవరైనా చదివితే చదవండి. నీతి చెప్పే అర్హత నాకు లేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

నేను ముప్పై మూడేళ్లు భిలాయిలో తోటల విభాగంలో పనిచేశాను. చేరినప్పుడు మాలీల మీద మేస్త్రీని, దిగేనాటికి సీనియర్ సూపర్‌వైజర్ని. ప్లాంటు లోపల వాళ్లు ఇనుము కరిగిస్తుంటే బయట మేం పూలు పెంచేవాళ్లం. సెక్టర్లలో రోడ్ల పక్క చెట్లు, ఆఫీసుల ముందు లాన్లు, ఊరి చివర అడవిలాంటి పార్కు ఒకటి మా చేతిలో ఉండేవి. ఊరు కట్టేటప్పుడు కొట్టకుండా వదిలేసిన పాత అడవి ముక్క అది. టేకు, ఇప్ప, తుమికి చెట్లు. చుట్టూ కంచె వేసి పార్కు అన్నారు, అంతే.

మా విభాగంలో ఒక విద్య ఉండేది. గమ్లా పాతడం అనేవాళ్లం. గమ్లా అంటే పూలకుండీ. పెద్దవాళ్లెవరైనా వస్తున్నారని కబురు రాగానే నర్సరీలో పూసి ఉన్న కుండీలు లారీలో తెచ్చి, గోతులు తీసి, మెడదాకా పాతి, అంచు కనపడకుండా మట్టి కప్పేసేవాళ్లం. పూటలో బోడినేల పూలతోట అయిపోయేది. వచ్చినవాళ్లు చూసి, ఫొటో దిగి, జీపెక్కగానే కుండీలు పెరికి మళ్లీ లారీలో వేసేవాళ్లం. ఈ పనిలో నా అంత చురుకైనవాడు లేడని పేరు. ఒకసారి ఒక అతిథిగారి భార్య గులాబీ కోయబోతే కొమ్మతోపాటు కుండీ కూడా పైకి లేచింది. ఆవిడ నవ్వింది, మేమంతా నవ్వాం. ఎవరికీ సిగ్గనిపించలేదు. నాకు ఆ నెలలోనే ప్రమోషన్ కూడా వచ్చింది.

ఆ అడవి పార్కులో కాంట్రాక్టు కూలీగా ఒకావిడ పనిచేసేది. మాది శ్రీకాకుళం, ఆవిడది పాలకొండ దగ్గర కొండ కింది ఊరు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మావైపు అక్కని పిలిచినట్టు నేను అప్పా అని పిలవడంతో తెలుగువాళ్లందరికీ అప్ప అయిపోయింది. మిగతావాళ్లకి దీదీ. కూలీల బస్తీ క్యాంప్ 2లో ఒక్క గదిలో కాపురం. మొగుడు కాంట్రాక్టరు కింద కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని మంచాన పడ్డాడు. పర్మనెంటు వాళ్లకి మెడికల్ బుక్ ఉంటుంది. అది చూపిస్తే ప్లాంటు ఆసుపత్రిలో ఇంటిల్లిపాదికీ వైద్యం. కాంట్రాక్టు వాళ్లకి ఆ పుస్తకం లేదు. పన్నెండేళ్లుగా ఆవిడ మా తోటలోనే మట్టి పిసుకుతున్నా, పేరు మాత్రం కాంట్రాక్టరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది.

"నాకు కోటరొద్దు, కుర్సీ ఒద్దు బాబూ. ఆ పొత్తకం ఒకటిప్పిస్తే సాలు" అనేది, నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి. నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చడం మావైపు ఆడవాళ్లకి అలవాటే. హిందీ మాలీలు మాత్రం అది చూసి నోరు తెరిచేవాళ్లు.

పార్కులో ఆ చివర చెట్ల నీడన పూలతోట వెయ్యాలన్న ఆలోచన పూర్తిగా ఆవిడదే. నీడలో గులాబీలు రావు, బంతులు రావు, ఆ మూల ఎందుకూ పనికిరాదని మేం వదిలేశాం. ఆవిడ సెలవు రోజున పక్క ఊరు ఉతై దాటి, పల్లెల మీదుగా అడవిలోకి వెళ్లి, దుంపలు తవ్వి కొంగున మూటకట్టుకుని వచ్చేది. నేను మొదట చూసీ చూడనట్టున్నాను. తర్వాత నేనే వెదురు తెప్పించి కంచె కట్టించాను. ఈ వెదురు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మూడో వానాకాలానికి ఆ మూల చూడాలి. అడవి పసుపు గులాబీరంగు కంకులు, నేలకంటుకుని నేలతాడి పచ్చపూలు, చెంగల్వకోష్ఠు తెల్లగా, వాటి వెనక కర్రలకి పాకిన అడవినాభి. ఎరుపూ పసుపూ కలిసి పొయ్యిలో మంటలా లేచే పువ్వది. హిందీవాళ్లు కలిహారీ అంటారు. దాన్ని మాత్రం అప్ప విడిగా, కంచె లోపల మరో కంచె కట్టి పెంచింది. ఎందుకని నేనే అడిగాను.

"దీని దుంప విసం బాబూ. నాగలికర్రలాగ ఒంకరగుంటాది. సిలగడదుంపనుకొని తిన్నారంటే పేనం మీదికొస్తాది. పువ్వు సూడ్డానికే, ముట్టుకుంటే సెయ్యి కడుక్కోవాల" అంది.

విన్నాను. నా రెండు చెవులతో విన్నాను.

ఆ శ్రావణంలో ఒకరోజు తుంపరలో గొడుగేసుకుని టౌన్‌షిప్ పెద్ద సాబ్ నడకకొచ్చి, దారితప్పినట్టుగా ఆ మూలకొచ్చాడు. నేనూ, మా సెక్షన్ అధికారీ పరుగెత్తుకెళ్లాం. మా అధికారి తెలుగాయనే, కృష్ణా జిల్లా మనిషి. సాబ్ ఆ నాభిపూల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరు చేశారిది అని హిందీలో అడిగాడు.

"మా సెక్షనే సార్" అన్నాను.

"సెక్షన్ కాదయ్యా, చేతులెవరివి?"

అప్పుడు అప్పని చూపించాను. ఆవిడ మట్టి చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది. సాబ్ మంచివాడే. ఈ చలికాలం స్కూలు పిల్లల క్యాంపు ఈ పార్కులోనే పెట్టిద్దాం, నాలుగు రోజులు గుడారాల్లో ఉంటారు, ఈ తోట చూపిద్దాం, ఆఖరి రోజు నేనూ వస్తాను అన్నాడు. పర్మనెంటు చేసేవాళ్ల లిస్టు ఒకటి సంతకానికి తన దగ్గరికి రాబోతోందనీ, ఆ రోజు ఈవిడని నా ముందు నిలబెడితే పేరు చేరుస్తాననీ అన్నాడు. అప్పటికే కొత్త ఉద్యోగాలు ఆగిపోయాయి. అదే ఆఖరి లిస్టని ఆఫీసంతా చెప్పుకునేవాళ్లు.

చలికాలంలో అక్కడ ఒక్క పువ్వూ ఉండదు. కార్తీకం నాటికే తీగలు ఎండి రాలిపోతాయి, దుంపలు మట్టిలో పడుకుంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. 'సార్, ఇవి వానాకాలం పూలు' అంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. మా అధికారి వెనకనుంచి నా వీపు మీద వేలితో పొడిచాడు. "యస్ సర్" అన్నాను.

సాబ్ వెళ్లాక అప్పకి తెలుగులో అంతా చెప్పాను. ముందు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నావైపు అనుమానంగా చూసింది.

"సలికాలంలో పువ్వులేటి బాబూ? ఆ బాబుకి సెప్పలేదేటి?"

"చెప్తానప్పా, సందర్భం చూసి."

"దీనికి సందర్భమేటి? లేవంటే లేవు. నిద్దరోతన్న దుంపలు సూపిత్తాను. దుంపలోంచే పువ్వొస్తాదని ఆ బాబు మాత్రం ఎరగడేటి" అంది.

ఎంత తేలిక మాట. నేను నెలల తరబడి చెప్పలేదు. ఒకసారి ధైర్యం చేసి మా అధికారి దగ్గర ఎత్తితే ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఏవయ్యా, చూస్తానన్నాయన్ని పట్టుకుని పూల్లేవని చెప్తావా? మతి ఉండే మాట్లాడుతున్నావా? కుండీలున్నాయి, గునపాలున్నాయి, నువ్వున్నావు. ఇంకేం కావాలి?"

ఈ మాట ఎలాగో అప్ప చెవిన పడింది. మర్నాడు నా స్టోర్ గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"కుండీలెట్టుకుంటే దారి పక్కనెట్టుకోండి బాబూ. నా పాదుల మీద గునపం ఎయ్యకండి. కన్నం పడితే దుంప కుళ్లిపోతాది."

"వెయ్యనప్పా."

"మాటేనా?"

"మాటే" అన్నాను. ఆ క్షణంలో అబద్ధమాడుతున్నానని నాకే తెలీదు. అబద్ధాల్లో అలాంటి రకం కూడా ఒకటి ఉంది.

పుష్యమాసంలో క్యాంపు మొదలైంది. టేకుచెట్ల మధ్య ఖాకీ గుడారాలు, మధ్యలో జెండా కర్ర, నీళ్ల కుళాయి పక్కన టార్పాలిన్ కింద వంటశాల. సెక్టర్ల పిల్లలు అరుపులతో పార్కుని హోరెత్తించారు. రెండో రోజు పొద్దున్న సగంమంది పిల్లల్ని అప్పకి అప్పజెప్పాం. మిగతా సగానికి మర్నాడు చూపించాలని ఏర్పాటు.

చూపించడానికేముంది, ఎండుటాకులు. అయినా ఆవిడ పిల్లల్ని మునివేళ్ల మీద నడిపించింది. "హల్లా మత్ కరో, సబ్ సో రహే హైఁ" అంటూ, అల్లరొద్దు అన్నీ నిద్రపోతున్నాయని నోటి మీద వేలేసుకుంది. వాళ్లు నిజంగానే ఎవరో నిద్రపోతున్నట్టు గుసగుసలాడుతూ నడిచారు. ఒకచోట మట్టి చేత్తో తీసి అడవి పసుపు దుంప బయటికి తీసింది. దాని కొన మీద గోరంత మొగ్గ చూపించి, వానలొస్తే ఇదే పువ్వు అని చెప్పి, మళ్లీ కప్పిపెట్టి మట్టి నిమిరింది. నాభి పాదు దగ్గరికొచ్చాక అందర్నీ చేతులు కట్టుకోమంది. ఇది జహర్, అంటే విషం, ఎక్కడ కనపడినా ముట్టుకోకూడదని మూడుసార్లు చెప్పించింది. పిల్లలు పాఠంలా అరిచారు. నేను ముప్పై మూడేళ్లలో పెట్టిన ఏ పూలప్రదర్శనా జనం అలా చూడలేదు.

కంచె బయట రెండు జడల పాప ఒకతి నిలబడి ఉంది. నడుం దాకా జడలు, పదేళ్లుంటాయేమో. రెండో సగంలో పేరుందని టీచరు ఆపేసిందట, ఏడుపు మొహం పెట్టింది. అప్ప వెళ్లి ఆ జడ ఒకటి పట్టుకుని చూసి, "కల్ ఆనా బేటీ. సబ్‌సే పహలే తుమ్‌కో దిఖాయేగా" అంది, తన వచ్చీరాని హిందీలో. రేపు అందరికన్నా ముందు నీకే అని. పాప నవ్వుకుంటూ వెళ్లింది.

మధ్యాహ్నం మా అధికారి వచ్చి ఆ ఎండుటాకులు చూశాడు. ఏమీ అరవలేదు. "రేపు సాయంత్రానికి నాకిక్కడ రంగు కనపడాలి" అన్నాడు, అంతే.

ఆ పూటే పని దిగేటప్పుడు అప్ప నా దగ్గరికొచ్చింది. మొగుడికి ఆయాసం ఎక్కువైంది, దుర్గ్ సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పిల్లల పని ఉంది కదా ఎలాగ అని నసిగింది. నేను వెంటనే, "వెళ్లప్పా, రేపంతా అక్కడే ఉండు, ఎల్లుండి మధ్యాహ్నానికి సాబ్ వచ్చేలోగా వస్తే చాలు" అన్నాను. నాకు దండం పెట్టింది. నేను సెలవిచ్చింది దయతో కాదు. ఆవిడ నోరు తెరవగానే నాకు తట్టింది ఒక్కటే, హమ్మయ్య, దారి ఖాళీ అయిందని. ఆ దండానికి జవాబుగా నేను కూడా చేతులు జోడించాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో రోజు తెల్లారగానే లారీ వచ్చింది. బంతులు, చామంతులు, ఎర్ర సాల్వియా. మాలీల్లో ముసలాయన ఒకడు గునపం నేలకానించి, "దీదీ కో పూఛా?" అన్నాడు, అప్పని అడిగారా అని. నీ పని నువ్వు చూసుకో అని కసిరాను. మొదటి పోటుకే దుంప తెగిన చప్పుడైంది. పచ్చి కూరగాయ కోసినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఆ తర్వాత నేనటు చూడకుండా కుండీలు దింపించడంలో పడ్డాను.

అయితే నేను మరీ అంత చెడ్డవాణ్ణి కాదని నాకు నేను చూపించుకోవాలి కదా. బయటపడ్డ దుంపలు పారెయ్యనివ్వలేదు. అన్నీ ఏరి వెదురుగంపలో వేయించాను. కుళాయి దగ్గర నేనే కడిగాను, ఏవి తెగాయో ఏవి బాగున్నాయో తెలియాలని. ఎండకూడదని తడి గోనె కప్పాను. నీడ కావాలని వంటశాల టార్పాలిన్ అంచు కింద పెట్టాను. అప్ప వచ్చాక మళ్లీ నాటుకుంటుంది, మాట పూర్తిగా తప్పినట్టు కాదు అనుకున్నాను. గోనె తడపాలని గుర్తుంది, నీడ గుర్తుంది, అప్ప గుర్తుంది. విషమన్న మాట ఒక్కటే గుర్తు రాలేదు.

భిలాయిలో చలికాలమొస్తే బజారంతా ఉడికించిన కాందా. కాందా అంటే చిలగడదుంప. పిల్లలు స్కూలు గేటు దగ్గర కొనుక్కుని తింటారు. వంటశాల పక్కన, కడిగి, గోనె కప్పిన గంపలో దుంపలు కనిపిస్తే ఆ పిల్లలు ఇంకేమనుకుంటారు? నాలుగో రోజు మధ్యాహ్నం కంచాలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికొచ్చిన ముగ్గురు, వంటవాడు అటు తిరిగినప్పుడు తలో రెండు తీసుకుని పొయ్యి నివురులో కాల్చుకున్నారు. ఇద్దరు మగపిల్లలు, మూడోది ఆ రెండు జడల పాప. తోట చూడనివాళ్లు ముగ్గురూ. మూడో రోజు వాళ్లకి తోట చూపించేవాళ్లే లేరు. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

మూడు గంటలకి అప్ప దుర్గ్ నుంచి నేరుగా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది, నోట్లో చుట్ట లేదు. బంతిపూల ముందు ఆగిపోయింది. వంగి ఒక మొక్క మొదట్లో మట్టి పక్కకి తోసింది. కుండీ అంచు కనపడింది. నేను ఎదురెళ్లాను.

"నా దుంపలేవి బాబూ?"

"భద్రంగా ఉన్నాయప్పా, గంపలో పెట్టించాను. తర్వాత చూపిస్తాను. జీపు గేటు దాటింది, కాస్త మొహం సరిగ్గా పెట్టుకో."

"ఏ గంప? ఎక్కడెట్టినారు?"

"తర్వాతన్నానా" అని విసుక్కున్నాను. ఆవిడ కొంగు సర్దుకుని నేను చూపించినచోట నిలబడింది.

సాబ్ వచ్చాడు. బంతులు చూశాడు, సాల్వియా చూశాడు, చుట్టూ వెతికాడు. మంటలాంటి పువ్వులుండాలే, అవేవి అని అడిగాడు. మా అధికారి నావైపు చూశాడు.

"సీజన్ అయిపోయింది సార్. అవి వానాకాలం పూలు" అన్నాను. ఐదు నెలలు గొంతులో అడ్డంపడ్డ ముక్క అంత సులువుగా జారిపోయింది.

"అరె, ముందే చెప్పొద్దూ. పిల్లల్ని వానల్లోనే తీసుకొచ్చేవాళ్లం" అన్నాడు సాబ్. కోపంగా కూడా కాదు. "బంతిపూలు మా ఇంటి ముందూ ఉన్నాయి." తర్వాత అప్ప దగ్గరికెళ్లి పేరడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన వెంట ఉన్న గుమాస్తా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. పన్నెండేళ్లలో మా ఆఫీసువాళ్లు ఆవిడ పేరు రాసుకోవడం అదే మొదలు.

ఆ పుస్తకం మూయకముందే టీచరు పరుగెత్తుకొచ్చింది. ముగ్గురు పిల్లలకి ఆగకుండా వాంతులు. ఒకడి జేబులో సగం కొరికిన కాల్చిన దుంప దొరికిందని చేతిలో పట్టుకొచ్చింది. కాలినా ఆ ఒంకర పోలేదు. అప్ప దాన్ని అందుకుని, తిప్పి చూసి, ఒక్కసారి నావైపు చూసింది. చెప్పాల్సింది నేను. ఆవిడే సాబ్ ముందుకెళ్లి, "యే జహర్ హై సాబ్, కాందా నహీఁ. హమ్ లగాయా. జల్దీ అస్పతాల్" అంది.

నేను నాటాను అంది. ఎవరు తవ్వారో అనలేదు. అందుకు టైము లేదని ఆవిడకి తెలుసు.

సాబ్ జీపులోనే పిల్లల్ని ఎక్కించారు. ఒళ్లో పాపని పెట్టుకుని అప్ప కూర్చుంది, వెనక నేను. ప్లాంటు ఆసుపత్రిలో డాక్టరు చుట్టూ అందరూ తలోమాట అంటుంటే, ఆవిడ ఒక్కతే ఆ దుంప చూపించి, పువ్వెలా ఉంటుందో, ఎన్ని తిని ఉంటారో, తమ ఊళ్లో తిన్నవాళ్లకి ఏమేమైందో వరసగా చెప్పింది. నేను మధ్యలో ఇంగ్లీషులోకి తిప్పాను. ఏం తిన్నారో ఇంత త్వరగా తెలియడమే మేలు చేసిందని ఆ డాక్టరు తర్వాత అందరి ముందూ అన్నాడు. ఏ పుస్తకం కోసం పన్నెండేళ్లు ఎదురుచూసిందో ఆ పుస్తకం లేకుండానే ఆ ఆసుపత్రి గడప అలా ఎక్కిందావిడ.

పిల్లలు బతికారు. మగపిల్లలు పది రోజుల్లో ఇంటికెళ్లారు. పాపకి ఎక్కువ రోజులు పట్టింది. రెండో వారంలో జుట్టు ఊడటం మొదలైందట, దువ్వెనకి కుచ్చులుగా వచ్చేసిందట. ఆ విషానికి అలా అవుతుందని డాక్టర్లన్నారట. అట, అట అంటున్నానంటే నేను వెళ్లి చూడలేదు కాబట్టి. అప్ప రోజూ వెళ్లేది. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే ఆయాలని అడిగేది.

విచారణ మా అధికారి గదిలోనే జరిగింది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. అప్ప ఆసుపత్రిలో చెప్పిందంతా కాగితం మీదికెక్కింది. గుమాస్తా నోటు పుస్తకంలోంచి పేరు సరిచూసుకున్నారు. పిల్లలు తిరిగే పార్కులో విషపు మొక్క ఎవరు నాటారు, ఇదే ప్రశ్న. దుంపలు బయటికెలా వచ్చాయని ఎవరూ అడగలేదు. కడిగి వంటశాల పక్కన ఎవరు పెట్టారని అడగలేదు. అడిగితే కుండీల సంగతి వస్తుంది, కుండీల సంగతి వస్తే ఎంతమంది పేర్లో వస్తాయి. ముందే టైపు చేసిన వాంగ్మూలం నా ముందు పెట్టారు. 'సదరు మొక్కలను కాంట్రాక్టు కూలీ విభాగపు అనుమతి లేకుండా నాటినది' అని ఉంది. కంచెకి వెదురు తెప్పించి ఇచ్చింది నేను. మా అధికారి పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. సంతకం పెట్టాను. నా చేయి వణికిందని రాయాలని ఉంది గాని, వణకలేదు.

బయట వరండాలో అప్ప నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"గంప సంగతి సెప్పినారా బాబూ?"

"అడగలేదప్పా" అన్నాను.

నా జీవితంలో అంత నిజమైన మాట, అంత నీచమైన మాట ఇంకోటి అనలేదు. ఆవిడ తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అడక్కపోతే మాత్రం సెప్పకూడదేటి" అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. మర్నాడు కాంట్రాక్టరు హాజరు పట్టీలో ఆవిడ పేరు మీద గీత పడింది. లిస్టులోకి మా అధికారి బావమరిది ఎక్కాడని విన్నాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఏమిటో ఆయన దాచుకోలేదు. మంచివాడిలా కనపడాలని గంప మీద గోనె తడిపినవాణ్ణి నేను.

ఆ మూలంతా తవ్వించి లాన్ వేయించారు. అయినా ఏటా తొలకరికి గడ్డిలోంచి ఒకటో రెండో నాభి మొలకలు లేచేవి. గునపానికి దొరక్కుండా లోతుగా పోయినవేవో. కనపడితే పీకెయ్యాలని రాతపూర్వకంగా ఆర్డరుంది. మాలీలకి చెప్పబుద్ధయ్యేది కాదు, నేనే పీకేవాణ్ణి. రిటైరయ్యేదాకా ఆ డ్యూటీ తప్పలేదు. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. మొన్నొచ్చిన కుర్రాళ్లు ఆ మాటా అన్నారు, అంకుల్‌ది క్లీన్ రికార్డని.

రిటైరైన మరుసటేడు ఉతై బజారుకి కూరలకని వెళ్లాను. గోనెపట్టా మీద ఆకుకూరలు, నాలుగైదు రకాల దుంపలు పోసుకుని ఒక ముసలావిడ కూర్చుంది. అడ్డపొగ చూసి గుర్తుపట్టాను. పక్కకి తప్పుకుందామనుకునేలోగా ఆవిడే పిలిచింది.

"సూపరైజరు బాబు కాదేటి? ఒంట్లో బాగున్నాదా?"

బాగున్నానన్నాను. బీపీ మాత్రల కోసం ఆ వారమే ప్లాంటు ఆసుపత్రికి వెళ్లొచ్చాను, మెడికల్ బుక్ ఇంకా సంచిలోనే ఉంది. ఆయనెలా ఉన్నాడని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. "ఆ యేడే ఎల్లిపోయినాడు. దుర్గ్‌లో మంచం దొరికింది గాని మందు దొరకలేదు" అంది, ఆకుకూర కట్టలు సర్దుతూ. రెండు కట్టలు అందుకున్నాను. తోటకూరకి కాడలు తీసెయ్యాలని ఆవిడే చెప్పింది.

లేవబోతుంటే నా చేతి మీద చేయివేసి ఆపింది.

"బాబూ, మీరు ఆ ఊళ్లోనే ఉంటారు కదా, ఎరుగుదురని అడుగుతన్నాను. ఆ రెండు జడల పాపకి జుట్టు మళ్లీ ఒచ్చిందా?"

"వచ్చిందప్పా. ఎప్పటిలాగే, నడుం దాకా" అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. "అమ్మయ్య, అదొక్కటే నాకు పీకుతుండేది" అని ఇంకో కట్ట నా సంచిలో వేసింది.

ఆ పాపని నేను ఆ రోజు జీపులో చూడటమే, తర్వాత ఎప్పుడూ చూడలేదు. జుట్టు వచ్చిందో లేదో నాకు తెలీదు. ఎవరినీ అడగలేదు.